రిప్లీ ఇంటికి ఆడిట్ వెళ్తే

నవీన్: నమస్కారం, మన పుస్తకాల పాడ్‌కాస్ట్‌లో మళ్ళీ మేమే. పిన్నీ, కుక్కర్ కట్టేశావా?

శారద: కట్టేశాను. ఈసారి విజిల్ వినపడిందని ఎవరూ రాయక్కర్లేదు.

నవీన్: రాస్తారు. సరే, ఈ వారం అమెరికన్ రచయిత్రి పాట్రీషియా హైస్మిత్ రిప్లీ నవలలు, టామ్ రిప్లీ అనే మోసగాడూ హంతకుడూ అయినవాడి కథలు. మొదటిది 1955లో వచ్చింది, ఐదోది 1991లో. 36 ఏళ్ళకి ఐదు పుస్తకాలు. ఐదోది అవసరమా అని అడిగితే బోలెడు మెసేజ్‌లొచ్చాయి. విజయనగరం నుంచి ఒకాయన, "మొదటిది చదివితే చాలు, తక్కిన నాలుగూ సాగతీత" అన్నారు.

శారద: ఆయన లెక్కలు చూడలేదు.

నవీన్: అప్పుడే మొదలెట్టావా!

శారద: మొదలెట్టింది నేను కాదురా, ఆవిడే. కథ మొదలయ్యేదే ఇన్‌కమ్ ట్యాక్స్‌తో కదా. రిప్లీ ట్యాక్సు ఆఫీసరునని చెప్పుకుని, మీరింకా ఇంత కట్టాలని జనాన్ని బెదిరిస్తాడు. పాపం వాళ్ళు చెక్కులు పంపిస్తారు. అవేమో డిపార్ట్‌మెంట్ పేరు మీద ఉంటాయి, వీడు మార్చుకోలేడు! ఆడిట్‌లో ఇన్నేళ్ళు చేశాను, ఇంత చేతకాని మోసం చూడలేదు.

నవీన్: సరదాకి చేశాడు.

శారద: అలాంటివాడు రెండో పుస్తకానికి పారిస్ దగ్గర పల్లెలో బంగళాలో కాపురం పెట్టి, తోటపని చేసుకుంటూ, పనిమనిషి మేడమ్ అనెట్ వండిపెడితే తింటూ ఉంటాడు. డబ్బెక్కడిది? మొదటి పుస్తకంలో తను చంపిన డబ్బున్న స్నేహితుడు డికీ పేరున రాసుకున్న దొంగ వీలునామా. పెళ్ళాం హెలోయీజ్‌కి పుట్టింటి నుంచి వచ్చేది. ఇంక డెర్వాట్ అని చచ్చిపోయిన చిత్రకారుడు, ఆయన పేరు మీద ఇంకొకడు గీసే దొంగ బొమ్మల్లో వాటా. రెండో పుస్తకం నుంచి వాడు చేసే పనుల్లో సగం ఈ పద్దులు బయటపడకుండానే. సాగతీతట!

నవీన్: బాగుంది, దీనికి డాలస్ ఆవిడ ఏమంటారో చూడు. "ఎప్పటికైనా దొరుకుతాడని ఐదూ చదివాను. నా టైము ఎవరిస్తారు?"

శారద: (నవ్వు) అద్దె పుస్తకాల రోజుల్లో ఉండాల్సింది ఆవిడ. తెనాలిలో మా షాపాయన దగ్గర ఏ డిటెక్టివ్ నవల తెచ్చుకున్నా చివర రెండు కాగితాలు ఉండేవి కావు. డిటెక్టివ్ యుగంధర్ అందరినీ గదిలో కూర్చోబెట్టి, హంతకుడు ఎవరంటే... అనగానే అట్ట! రాత్రంతా మీ అమ్మా నేనూ తేల్చుకునేవాళ్ళం. మీ అమ్మకి ఎప్పుడూ వంటవాడి మీదే అనుమానం.

నవీన్: ఇప్పటికీ అంతే. కానీ యుగంధర్ పట్టుకుంటాడని నీకు ముందే తెలుసు కదా? ఇక్కడ ఇన్‌స్పెక్టర్ గుమ్మం తొక్కితే నాకు చెమటలు పడతాయి, అదీ హంతకుడి తరఫున. ఆవిడ మనల్ని అలా వాడి పక్కన కూర్చోబెట్టడం నాకు నచ్చదు.

శారద: ఆవిడ కూర్చోబెట్టలేదు, నువ్వెళ్ళి కూర్చున్నావు.

నవీన్: అలా కాదు పిన్నీ. శాన్ రెమోలో పడవ మీద డికీని తెడ్డుతో కొట్టాడు చూడు, అక్కడ వాడి గతి నాకు అర్థమవుతుంది. డికీ వీణ్ణి వదిలించుకోబోతున్నాడు, వీడికి వెనక్కి వెళ్ళడానికి ఏమీ లేదు...

శారద: గతి లేనివాళ్ళందరూ తెడ్లు పట్టుకుంటున్నారా? మీ తాతయ్యకి ఏం గతుంది?

నవీన్: తాతయ్య ఎందుకు మధ్యలో? అర్థమవుతుందన్నాను, ఒప్పన్నానా?

శారద: నీ గొంతు ఒప్పన్నట్టే ఉంది.

నవీన్: పోనీ మూడోదాని సంగతి చెప్పు. ట్రెవానీ అని బొమ్మలకి ఫ్రేములు కట్టుకునే మనిషి. బ్లడ్ క్యాన్సరు, పెళ్ళాం, చిన్న పిల్లాడు. విందులో రిప్లీతో ఒక్క మాట వంకరగా అన్నాడు. మీ గురించి విన్నాను, అన్నాడంతే. దానికి వీడు, ఆయన ఇక ఎన్నాళ్ళో బతకడు అని పుకారు పుట్టించి, ఆ మనిషిని డబ్బుకి హత్యలు చేసే స్థితికి తెచ్చాడు. ఇందులో ఏ లెక్కుంది? పైసా లాభం లేదు వాడికి.

శారద: ...

నవీన్: పిన్నీ?

శారద: ఏం లేదు. ఆ పుస్తకం సగంలో ఆపేశాను. ట్రెవానీ డాక్టర్ దగ్గరికెళ్ళి, నిజం చెప్పండి, నా దగ్గర ఏమైనా దాస్తున్నారా అని అడుగుతాడు చూడు... మీ బాబాయి రిపోర్టులొచ్చేదాకా అలాగే ఉండేవారు. మేం గుసగుసగా మాట్లాడుకుంటే తన గురించే అనుకునేవారు. ఒక్కోసారి ఉప్పు డబ్బా గురించి మాట్లాడుకున్నా సరే.

నవీన్: గుర్తుంది.

శారద: అందుకని దాంట్లో లాభం లేదంటే ఒప్పుకుంటాను. అది లెక్కలోకి రాదు. సరే, వేరేది చదువు.

నవీన్: ఇంకొకరు సినిమాల గురించి అడిగారు. 1960లో ఫ్రెంచివాళ్ళు మొదటి నవలని నటుడు అలెన్ డెలాన్‌తో తీసినప్పుడు చివర్లో పోలీసుల చేతికి చిక్కేలా మార్చేశారు. హైస్మిత్‌కి డెలాన్ నచ్చాడు, ఆ ముగింపు నచ్చలేదు. డాలస్ ఆవిడ అది చూడొచ్చు.

శారద: ఇంకోటి గమనించావా? మొదటిదానికీ రెండోదానికీ మధ్య మనకి 15 ఏళ్ళు, వాడికి ఆరేళ్ళే! 1991కి కూడా ముసలాడు కాడు. తరుగుదల రాయని ఆస్తి వాడొక్కడే.

నవీన్: (నవ్వు) వచ్చేశావు మళ్ళీ దారిలోకి. ఇంతకీ ఐదోది? ప్రిచర్డ్ అనేవాడు పనిగట్టుకుని వచ్చి, రిప్లీ ఎప్పుడో నీళ్ళలో పారేసిన శవాన్ని వెతికి, ఆ ఎముకలు తెచ్చి వాడి గుమ్మం ముందే పడేస్తాడు. నాకు ఇష్టం అది.

శారద: నాకు విసుగు. ప్రిచర్డ్‌కి ఏం పనీ పాటా లేదా?

నవీన్: రిప్లీకి మాత్రం ఏముంది?

శారద: వాడికి తోటుంది. ఉండు, బెల్లు... సిలిండర్ అబ్బాయి. నవీనూ, గ్యాసు బుక్కు ఫ్రిజ్ మీదుంది, ఇలా తే.

నవీన్: ఇక్కడ లేదే... ఆఁ, దొరికింది. మూడో పుస్తకంలో పెట్టావు, గుర్తు కింద.

శారద: ఎక్కడుంది గుర్తు?

నవీన్: ట్రెవానీ ఇంకా హత్య చేయడానికి రైలెక్కలేదు.