సెప్టెంబరు 17కి ఎన్ని పేర్లు

శ్రోతలందరికీ నమస్కారం. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా రోజూ మెట్రోలో వెళ్లొస్తుంటాను. ఈ మధ్య ఆ దారిలో పాటలు మానేసి పాడ్‌కాస్టులు వింటున్నాను, ఎక్కువగా చరిత్ర మీదవే. పోయిన నెల విన్నది 1948 సెప్టెంబరు గురించి. అప్పటి నుంచి ఆ నెల నన్ను వదలడం లేదు, దొరికిన కాగితమల్లా చదువుతూనే ఉన్నాను.

రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి రేడియో దగ్గరే మొదలు పెడతాను. సెప్టెంబరు 13న భారత సైన్యం, అప్పటికింకా భారతదేశంలో కలవని నిజాం ఏలుబడిలోని హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ దక్కన్ రేడియోలో మాట్లాడి కాల్పుల విరమణ ప్రకటించాడు. ఆ మాటలు ఎంతమంది విని ఉంటారు? భువనగిరి దగ్గర మా నాయనమ్మ వాళ్ల ఊళ్లో రేడియోనే లేదు. సంగతి వాళ్లకు తెలిసింది కొన్ని రోజులయ్యాక, సంతకు పోయొచ్చినవాళ్ల నోట. ఆమె ఎన్నడూ విమోచన అనలేదు, విలీనం అనలేదు. "మీ పెద్దబాపు రజాకార్ల గడబిడల పుట్టిండు బిడ్డా" అనేది, అంతే. రజాకార్లంటే నిజాం పక్షాన ఊళ్ల మీద పడ్డ సాయుధ దళం. ఆమెకు అదొక సంవత్సరం పేరు.

మనకేమో ఆ ఒక్క రోజుకు చాలా పేర్లున్నాయి. కేంద్రం విమోచన దినోత్సవం అంటుంది. రాష్ట్రం 2022లో జాతీయ సమైక్యత అంది, 2024లో ప్రజాపాలన అంది. కొందరు విలీనం అంటారు, ఇంకొందరు విద్రోహం అంటారు, ఎందుకంటే దొరల మీద తిరగబడి భూములు పంచుకున్న రైతుల మీదికే ఆ తర్వాత సైన్యం వెళ్లింది, సాయుధ పోరాటం 1951 దాకా సాగింది. అసలు "పోలీస్ యాక్షన్" అనే మాటే చూడండి. వచ్చింది సైన్యం, దానికి ఆపరేషన్ పోలో అని పేరు కూడా ఉంది. కానీ యుద్ధం అంటే రెండు దేశాల గొడవ అయిపోతుంది, అప్పటికే హైదరాబాద్ ఫిర్యాదు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి దాకా పోయింది. ఇది మా ఇంటి వ్యవహారం అని చెప్పడానికి పోలీసు అనే మాట పనికొచ్చింది.

మా పాత ఇంటి పక్కన, మల్లేపల్లిలో, ఒక చాచా ఉన్నారు. వాళ్లది బీదర్ వైపు. ఎప్పుడు వచ్చారని అడిగితే "పోలీస్ యాక్షన్ తర్వాత" అని ఆగిపోయేవారు. ఎందుకు ఆగుతున్నారో సుందర్‌లాల్ కమిటీ నివేదిక చదివేదాకా నాకు తెలియలేదు. నెహ్రూ పంపిన ఆ కమిటీ 1948 చివర్లో జిల్లాలు తిరిగి, చాలా తగ్గించి లెక్క వేసినా 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని రాసింది, వాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరాలు ఎక్కువ జరిగాయని రాసింది. దశాబ్దాల పాటు ఆ నివేదిక బయటికి రానే లేదు, మా బడి పుస్తకాల్లో ఒక్క వాక్యం లేదు. చదువుతూ నేను ఆగిపోయిన చోటు మాత్రం వేరే ఉంది. కొన్ని ఊళ్లలో హిందూ నేతగాళ్లు ముస్లిం నేతగాళ్లను కాపాడారట, తోటి హిందువులకు అడ్డం నిలబడి. మతం కంటే పక్క మగ్గం దగ్గరైంది వాళ్లకు. ఆ పేజీ నేను మూడు నాలుగుసార్లు చదివాను.

సైన్యం రావడానికి ముందు నెలలోనే, ఆగస్టులో, ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో రజాకార్లు ఊరి జనాన్ని వరసగా నిలబెట్టి కాల్చారు, ఆ ఊరి బురుజు ఇప్పటికీ ఉంది. నేను విన్నవాటిలో కొన్ని పాడ్‌కాస్టులు బైరాన్‌పల్లి చెప్పి బీదర్ వదిలేస్తాయి, కొన్ని బీదర్ చెప్పి బైరాన్‌పల్లి వదిలేస్తాయి. నాకు కోపం వస్తుంది. ఒకళ్ల చావు చెబితే ఇంకొకళ్ల చావు తగ్గిపోతుందా? రేడియోలో మాట్లాడిన నిజాం మాత్రం 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా, అంటే గవర్నరు లాంటి పదవిలో ఉన్నాడు. పోయింది ఇటు రైతులూ అటు బీదర్ వైపు బీదవాళ్లూ. ఏ పేరుతో జెండా ఎగరేసినా ఈ సంగతి అందులో పట్టడం లేదు.

మొన్న ఆదివారం చాచా దగ్గరికి వెళ్లాను. ఈసారి ఎప్పుడు వచ్చారని అడగలేదు, మీ ఊరు ఎట్లా ఉండేదని అడిగాను. అప్పటికి ఆయనకు ఏడేళ్లు. ఊరి పేరు చెప్పారు, ఇంటి ముందు బావి సంగతి చెప్పారు, బావికి అవతలి ఇల్లు ఎవరిదో చెప్పారు. తర్వాత చాయ్ వచ్చింది. మిగతాది వచ్చేవారం చెప్తాను బేటా అన్నారు. ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.