విడాకులైతే ఆస్తి ఎవరిది, మనోవర్తి ఎంత?

నమస్కారం. విడాకుల మాట రాగానే అబ్బాయి తరఫువాళ్లు సగం ఆస్తి పోతుందని గుండెలు బాదుకుంటారు, అమ్మాయి తరఫువాళ్లు సగమైనా వస్తుందిలే అని ధైర్యం చెప్పుకుంటారు. ఈ సగం లెక్క మన తెలుగు రాష్ట్రాలకు వర్తించే చట్టంలో ఎక్కడా లేదు. పెళ్లయ్యాక సంపాదించినదంతా ఇద్దరిదీ అనే పద్ధతి గోవాలో ఉంది, పోర్చుగీసువాళ్ల 1867 నాటి సివిల్ కోడ్ అక్కడ ఇప్పటికీ నడుస్తోంది కాబట్టి. మన తెలుగు రాష్ట్రాల్లో కోర్టు మొదట చూసేది కాగితం ఎవరి పేరున ఉంది, డబ్బు ఎవరు కట్టారు అనే.

ఇల్లు నడిపిన ఆడమనిషికి ఇది అన్యాయమే అంటాను నేను. పదిహేనేళ్లు పిల్లల్ని పెంచి, అత్తమామలకు మందులందించిన మనిషి పేరు సేల్ డీడ్‌లో కనబడదు కదా. 2023లో మద్రాసు హైకోర్టు ఇంటి చాకిరీ కూడా ఆస్తి కూడబెట్టడంలో భాగమేనని ఒక గృహిణికి వాటా ఇచ్చింది. మంచి తీర్పే కానీ మన దగ్గర కోర్టులు దాన్ని పాటించి తీరాలనేం లేదు.

స్త్రీధనం విషయంలో మాత్రం అనుమానం అక్కర్లేదు. పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం, అత్తింటివాళ్లు ఆమెకని పెట్టిన నగలు, అన్నీ ఆమెవే, లాకరు ఎవరి పేరున ఉన్నా సరే. పెళ్లి ఆల్బమ్‌లో మెడలో కనబడే కాసులపేరు కూడా సాక్ష్యానికి పనికొస్తుంది, నగల షాపు బిల్లు కూడా ఉంటే ఇంకా గట్టిగా నిలబడుతుంది. ఇక పసుపుకుంకుమ కింద ఇచ్చామని చెప్పే పొలం ఉందే, అది నోటిమాటతో ఇచ్చి, గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేయించకపోతే కోర్టులో నిలబెట్టడం చాలా కష్టం, ఊరంతా సాక్ష్యం చెప్పినా సరే.

ఇప్పుడు మనోవర్తి. హిందూ వివాహ చట్టం 24, 25 సెక్షన్ల కింద భార్యే కాదు, ఆదాయం లేని భర్త కూడా అడగొచ్చు, ఆ సంగతి చాలామందికి తెలియదు. మతంతో పని లేకుండా భార్య అడిగేది పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లోని 125 సెక్షన్, 2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం (బీఎన్ఎస్ఎస్)లో 144 అయింది కానీ కోర్టు వరండాలో ఇంకా అందరూ 125 అనే అంటారు. విడాకులైనా మళ్లీ పెళ్లి చేసుకోనంతవరకు ఆమెకు ఆ హక్కు ఉంటుంది. అదే నెలలో సుప్రీంకోర్టు, తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులోనే, ముస్లిం మహిళలకూ ఇది వర్తిస్తుందని మళ్లీ తేల్చి చెప్పింది. నెలకు 500 రూపాయలకు మించకూడదనే పాత హద్దు 2001లోనే పోయింది.

ఎంత ఇస్తారండీ అని అడుగుతారు. పట్టిక ఏదీ లేదు. చేతికొచ్చే జీతంలో 25 శాతం న్యాయమేనని 2017లో ఒక కేసులో సుప్రీంకోర్టు అంది కాబట్టి లాయర్లు ఆ అంకె పట్టుకుంటారు, అయినా తగ్గొచ్చు, పెరగొచ్చు. అసలు తేలేది అఫిడవిట్‌లో. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇద్దరూ తమ ఆదాయం, ఖర్చు, ఆస్తి, అప్పు ప్రమాణం చేసి రాసివ్వాలి. వ్యాపారం చేసే ఆయన నెలకు 15 వేలే మిగులుతుందని రాస్తాడు, బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే ఒక్క కారు ఈఎంఐయే 22 వేలు పోతుంటుంది, మిగతా ప్రశ్నలు జడ్జిగారే వేస్తారు. ఉద్యోగం చేస్తూనే లేదని రాసే ఆడవాళ్లూ ఉన్నారు, పీఎఫ్ ఖాతా బయటపడితే ఆ తర్వాత వాళ్లు చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు. మనోవర్తి లెక్క తీర్పు రోజు నుంచి కాకుండా దరఖాస్తు పెట్టిన రోజు నుంచే మొదలవుతుందని కూడా అదే తీర్పు చెప్పింది, కాబట్టి వాయిదాలు లాగితే లాభం అనుకునేవాళ్లకు చివర్లో బకాయి ఒక్కసారిగా మీద పడుతుంది.

పరస్పర అంగీకారంతో విడిపోయేవాళ్లు ఒకేసారి ఇంత అని మాట్లాడుకుంటారు, టెన్షన్ తగ్గుతుంది, నాకూ అదే మేలనిపిస్తుంది. కానీ పిల్లల ఖర్చు వేరుగా రాయించండి, తల్లి తన డబ్బు వదులుకుంటే పిల్లల హక్కు పోదు.

చాలామంది మర్చిపోయేది ఇంటి లోన్. ఇద్దరి పేర్లతో తీసుకున్న అప్పుకు మీ విడాకుల డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో, బ్యాంకుకు సంబంధం లేదు, ఇల్లు ఆయన ఉంచుకుని ఈఎంఐ ఎగ్గొడితే నోటీసు ఆమెకూ వస్తుంది, సిబిల్ స్కోరు ఆమెదీ పడిపోతుంది. అందుకే ఒప్పందంలో ఏ తేదీలోగా బ్యాంకు నుంచి ఆమె పేరు తీయించాలి, తీయించకపోతే ఏం చేయాలి అన్నది రాయించాకే సంతకం పెట్టండి. నెలనెలా ఇచ్చేది కూడా చేతికివ్వకుండా ఖాతాలోకే పంపండి. ఉద్యోగం పోతే చెప్పాపెట్టకుండా ఆపేయకూడదు, మొత్తం తగ్గించమని అదే కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఖర్చులు పెరిగితే పెంచమని ఆమె కూడా అడగొచ్చు.