ఒకే ఒక్క కప్పు: ఫ్లోరిడా ఏ అండ్ ఎం 1978 సీజన్ రివ్యూ

నమస్తే అండీ! ఈసారి ఒక మ్యాచ్ కాదు, ఒక సీజన్ మొత్తాన్ని రివ్యూ చేద్దాం. 1978, అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్. టీమ్ పేరు ఫ్లోరిడా ఏ అండ్ ఎం రాట్లర్స్, ఊరు టలహాసీ. ఆట కొత్తవాళ్లకి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తాను. నాలుగు ఛాన్సుల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ఛాన్సులు వస్తాయి. బంతిని విసరొచ్చు, లేదా చంకలో పెట్టుకుని పరిగెత్తొచ్చు. ఈ వీడియోకి అంతవరకు తెలిస్తే చాలు.

ఈ సీజన్‌కి అంత సీన్ ఎందుకంటే, నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన కాలేజీలు అమెరికాలో వందకి పైగా ఉన్నాయి. వాటిని హెచ్‌బీసీయూలు అంటారు. ఆ మొత్తంలో ఎన్‌సీఏఏ (అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ) డివిజన్ వన్ డబుల్ ఏ టైటిల్, అంటే ఇప్పుడు ఎఫ్‌సీఎస్ అంటున్న స్థాయిలో జాతీయ ఛాంపియన్‌షిప్ కొట్టిన కాలేజీ ఇదొక్కటే. ఇన్నేళ్లయినా ఇంకొకటి లేదు.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1887లో ఈ కాలేజీ మొదలైనప్పుడు దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ల యూనివర్సిటీల గడప నల్లజాతి పిల్లలు తొక్కే వీలే లేదు. ఎంత గొప్ప ఆటగాడైనా ఇలాంటి కాలేజీకే రావాలి. జేక్ గైథర్ అనే కోచ్ 1945 నుంచి 1969 దాకా ఇక్కడ 203 మ్యాచులు గెలిపించాడు. ఓడింది 36, డ్రా 4. టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్ల బంగారు పతకం కొట్టిన బాబ్ హేస్ ఆయన శిష్యుడే. కానీ ఎన్ని గెలిచినా ఏం లాభం? తెల్లవాళ్ల టీములతో ఆడనిస్తేగా! దక్షిణాదిలో అలాంటి మొదటి మ్యాచ్ గైథర్ చివరి సీజన్‌లో, 1969లో జరిగింది. టాంపా యూనివర్సిటీ మీద 34-28తో గెలిచి తన లెక్క తేల్చుకున్నాడాయన.

ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది. పెద్ద యూనివర్సిటీలు తలుపులు తెరిచాయి, మంచిదే. కానీ మంచి ఆటగాళ్లంతా అటు పోవడం మొదలైంది. టలహాసీలోనే ఫ్లోరిడా స్టేట్ ఉంది, పక్క వీధి పోటీ అన్నమాట. అలాంటి టైంలో, 1974లో, రూడీ హబ్బర్డ్ కోచ్‌గా వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఒహాయో స్టేట్‌లో వూడీ హేస్ అనే కోచ్ దగ్గర ఆడి, అక్కడే అసిస్టెంట్‌గా పనిచేశాడు. హేస్‌కి బంతి విసరడమంటే గిట్టదు, పరుగే ఆట. శిష్యుడికీ అదే అబ్బింది.

1977లో పదకొండు మ్యాచులకి పదకొండూ గెలిచారు. సరిగ్గా ఆ తర్వాతి ఏడాదే ఎన్‌సీఏఏ డివిజన్ వన్‌ని రెండుగా చీల్చి, అందులో కింది సగమైన డబుల్ ఏకి కొత్త ప్లేఆఫ్ పెట్టింది. ఏ అండ్ ఎం అప్పటికి ఇంకా కింద, డివిజన్ టూలో ఉంది. పైకి పంపమని అర్జీ పెట్టుకుంటే, 1978 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చేలా ఒప్పుకున్నారు. నన్నడిగితే ఈ సీజన్‌లో అన్నిటికన్నా తెలివైన ఎత్తు మైదానంలో వేసింది కాదు, ఈ కాగితం మీద వేసిందే. అది లేకపోతే ఎంత బాగా ఆడినా మనం ఇవాళ మాట్లాడుకునేవాళ్లం కాదు.

లీగ్ మ్యాచులు గబగబా దాటేస్తాను. టెన్నెసీ స్టేట్ చేతిలో ఒక్క ఓటమి, మిగతావన్నీ గెలుపులే.

ప్లేఆఫ్‌కి నాలుగే టీములు. సెమీస్‌లో ఎవరితో పడిందో చూడండి: జాక్సన్ స్టేట్‌తో! అదీ నల్లజాతి కాలేజీయే, తర్వాత ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో పెద్ద స్టార్ అయిన వాల్టర్ పేటన్ చదివిన కాలేజీ. మొట్టమొదటి ప్లేఆఫ్‌లో నాలుగింట రెండు హెచ్‌బీసీయూలు ఉన్నాయంటే, అప్పటికి ఆ కాలేజీల్లో ఆట ఏ రేంజ్‌లో ఉందో అర్థం చేసుకోవచ్చు. ఆ రెండింటికీ ఒకదానితో ఒకటి పడింది కాబట్టి ఫైనల్‌కి వెళ్లేది ఒక్కటే. మిసిసిపీలో, వాళ్ల సొంత గడ్డ మీద 15-10. డిఫెన్స్ అంటే ఇష్టమున్నవాళ్లకి ఇది పండగ. నాకైతే ఫైనల్ కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది.

ఫైనల్ డిసెంబర్ 16న, టెక్సస్‌లోని విచిటా ఫాల్స్‌లో జరిగింది. చూడ్డానికి వచ్చింది 13 వేల పైచిలుకు జనం, జాతీయ ఫైనల్‌కి అది చాలా తక్కువ. ఎదురుగా మసాచుసెట్స్ యూనివర్సిటీ. వాళ్లేమీ తక్కువ తినలేదు, అప్పటిదాకా ఓటమే ఎరగని నెవాడాని సెమీస్‌లో 44-21తో చితక్కొట్టి వచ్చారు. హబ్బర్డ్ ప్లాన్‌లో మాత్రం దాపరికమేమీ లేదు. పరిగెత్తు, మళ్లీ పరిగెత్తు. మైక్ సాలమన్ ఒక్కడే 207 గజాలు పరిగెత్తాడు. టీమ్ మొత్తం కలిపి పరుగు మీదే 470 గజాలు! గోల్ లైన్ నుంచి గోల్ లైన్‌కి గ్రౌండ్ వంద గజాలే. వస్తున్నది పరుగేనని తెలిసి కూడా ఆపలేకపోయారు. స్కోరు 35-28. కప్పు టలహాసీకి వచ్చింది.

హాఫ్‌టైమ్ సంగతి కూడా చెప్పాలి. మామూలుగా జనం తినడానికి లేచే టైమ్ అది. ఈ కాలేజీ మ్యాచుల్లో మాత్రం ఎవరూ సీటు వదలరు, ఎందుకంటే వాళ్ల బ్యాండ్, మార్చింగ్ హండ్రెడ్, అప్పుడే మైదానంలోకి దిగుతుంది. విలియం ఫోస్టర్ 1946 నుంచి తీర్చిదిద్దిన బ్యాండ్ అది. 1989లో ఫ్రెంచి విప్లవం రెండు వందల ఏళ్ల పండగకి పారిస్ దాకా వెళ్లి వాయించొచ్చింది.

మరి ఆ తర్వాత ఇంకో హెచ్‌బీసీయూ ఎందుకు గెలవలేదు? టాలెంట్ అంతా పెద్ద యూనివర్సిటీలకి పోయింది అని ఒక్క మాటలో తేల్చేస్తారు చాలామంది. అది సగం నిజం. ఇదే ఏ అండ్ ఎం 1999లో సెమీస్ దాకా వెళ్లి, యంగ్స్‌టౌన్ స్టేట్ చేతిలో 27-24తో మూడంటే మూడు పాయింట్ల తేడాతో ఓడింది. మిగతా సగం ఏంటంటే, వాళ్ల ఛాంపియన్లు ఇప్పుడు ఆ ప్లేఆఫ్‌కి వెళ్లనే వెళ్లరు. 2015 నుంచి రెండు పెద్ద హెచ్‌బీసీయూ లీగుల విజేతలు అట్లాంటాలో సెలబ్రేషన్ బౌల్ ఆడుకుంటున్నారు. అందులో డబ్బుంది, టీవీ ఉంది, స్టేడియం నిండా సొంత జనం ఉన్నారు. 2023లో ఏ అండ్ ఎం అక్కడే హోవర్డ్‌ని 30-26తో ఓడించింది. వాళ్లని తప్పుపట్టను. ఎక్కడో చలిలో, సగం ఖాళీ స్టేడియంలో ఆడే బదులు ఇది మేలు అనుకోవడంలో లాజిక్ ఉంది. కానీ 1978 రికార్డుని ఎవరూ అందుకోలేకపోయారు అనేటప్పుడు ఈ సంగతి కూడా కలిపి చెప్పాలి.

అదృష్టం కొద్దీ, నాలుగే టీములున్న ఏడాది కాబట్టి కొట్టారు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి మయామీ మ్యాచ్ చూపిస్తాను. మరుసటి ఏడాది, 1979లో, పై డివిజన్‌లో ఉన్న మయామీని ఇదే హబ్బర్డ్ టీమ్ 16-13తో ఓడించింది. అప్పుడు మయామీకి కోచ్‌గా ఉన్న ష్నెలెన్‌బర్గర్ కిందే ఆ మయామీ 1983లో జాతీయ ఛాంపియన్ అయింది. హబ్బర్డ్‌ని కాలేజ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నది మాత్రం 2021లో. నలభై ఏళ్లు దాటాక!

ఇక మార్కులు. ఈ సీజన్‌కి నా రేటింగ్ పదికి తొమ్మిది. కోసిన ఒక్క మార్కు టెన్నెసీ స్టేట్ మ్యాచ్‌ది. అదీ గెలిచుంటే పదమూడుకి పదమూడు, రెండేళ్లపాటు ఓటమే లేని టీమ్ అయ్యుండేది.