పాత బండికి ఎల్‌ఈడీ టెయిల్ లైటు: బల్బు కొనేముందు కరెంటు చూడండి

[దృశ్యం: చీకటి పడేవేళ కాలవ గట్టు రోడ్డు. ముందు వెళ్తున్న పాత స్ప్లెండర్‌కి వెనక లైటు వెలగట్లేదు.]

పాలకొల్లు, నరసాపురం, రాజోలు, ఎటెళ్లినా ఇలాంటి రోడ్డు తగులుతుందండి. ఓ పక్క కాలవ, ఓ పక్క చెరువులు, మధ్యలో గోతులు. ఆ కుదుపులకి టెయిల్ బల్బులో ఫిలమెంటు తెగిపోతుంది. ముందు లైటు పోతే మనకి వెంటనే తెలుస్తుంది. వెనకది పోయిన సంగతి ధనుర్మాసం మంచులో మన వెనకాల వచ్చే ట్రాక్టరు డ్రైవరుకి తెలుస్తుంది, అదీ బాగా దగ్గరికొచ్చాక.

ఎల్‌ఈడీలో తెగడానికి ఫిలమెంటే ఉండదు, కాబట్టి మార్చుకోవడం మంచిదే. కాకపోతే బల్బు కొని హోల్డర్లో తిప్పేసి ఊరుకుంటే కొన్నాళ్లకే మాడిపోతుంది. అప్పుడు చవక సరుకని బల్బుని తిడతాం. చాలాసార్లు తప్పు దానికిచ్చిన కరెంటుది.

[దగ్గరగా: తాళం ఆన్ అయింది, ఇంజిన్ ఆగి ఉంది. చెయ్యి లైటు స్విచ్ మీద.]

ముందు ఓ పరీక్ష. ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా తాళం ఆన్ చేసి, లైటు స్విచ్ వెయ్యండి. టెయిల్ లైటు వెలిగితే అది బ్యాటరీ నుంచి వచ్చే డీసీ, అంటే ఒకే వైపు పారే కరెంటు. మీకు వైరు మార్చే పని లేదు, బల్బూ, ఎర్తూ (కరెంటు బ్యాటరీకి తిరిగెళ్లే దారి) చూసుకుంటే చాలు. కిక్ కొట్టాకే వెలిగి, ఎక్సలేటర్ ఇస్తుంటే కాంతి పెరిగిందనుకోండి, అది ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్ నుంచి వస్తున్న ఏసీ, అంటే అటూ ఇటూ దిశ మారే కరెంటు.

పాత హీరో హోండాలు, ఆర్‌ఎక్స్ 100 లాంటి వాటిలో హెడ్‌లైటు, టెయిల్ లైటు ఏసీ మీద నడుస్తాయి. హారన్, ఇండికేటర్లు, బ్రేక్ లైటు బ్యాటరీ మీద. అంటే వెనకున్న ఆ ఒక్క బల్బులోనే రెండు ఫిలమెంట్లు, రెండు రకాల కరెంటు.

ఫిలమెంటుకి ఏ కరెంటైనా ఒకటే, వేడెక్కి వెలుగుతుంది. ఎల్‌ఈడీ అలా కాదు, కరెంటు ఒక వైపు పారినప్పుడే వెలుగుతుంది. అందుకే ఏసీ మీద, ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు మిణుకుమిణుకుమంటుంది. కరెంటు ఎదురు తిరిగినప్పుడు దాన్ని ఆపే డయోడు బల్బులో లేకపోతే ఆ దెబ్బంతా ఎల్‌ఈడీయే తినాలి.

దీనికి చాలామంది చెప్పే చిట్కా బయట ఓ బ్రిడ్జ్ రెక్టిఫయర్ (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల ముక్క) పెట్టేయమని. పెట్టకండి. ఈ బండ్లలో లైటు కాయిల్ ఒక కొస ఫ్రేముకే ఎర్త్ అయి ఉంటుంది. బల్బు ఒంటిమీది లోహం కూడా హోల్డర్ ద్వారా ఫ్రేముకే తగులుతుంది. మధ్యలో బ్రిడ్జ్ పెడితే ఒక సగం కరెంటు ఒకే డయోడు గుండా ఎర్త్‌కి షార్ట్ అవుతుంది. డయోడు పేలుతుంది, లేదా హెడ్‌లైటు డల్ అవుతుంది.

సరైన దారి ఏసీని అక్కడే వదిలేసి టెయిల్ లైటుకి డీసీ తేవడం.

[దగ్గరగా: బల్ల మీద సామాను.]

కావలసినవి: 12 వోల్టుల, రెండు కాంటాక్టుల ఎల్‌ఈడీ బల్బు ఒకటి; 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరు రెండు మీటర్లు, 1 యాంపియర్ ఫ్యూజు, దాని హోల్డరు, ఎర్త్‌కి రెండు రింగ్ టెర్మినళ్లు, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే వైరుకి బిగుసుకునే గొట్టం), టెస్ట్ ల్యాంపు (వైర్లో కరెంటు ఉంటే వెలిగేది). బల్బు అడుగు బీఏవై 15డీ రకం అయ్యుండాలి. దాని రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు. అలా పెట్టిందే తిరగేసి బిగించకుండా. దిగట్లేదని పిన్ను ఆకురాయితో అరగదీస్తే కాంటాక్టులు తారుమారై, ఊరికే ఉన్నప్పుడు జిగేల్‌మని, బ్రేకు నొక్కితే తేడా లేకుండా పోతుంది. ఇంకోటి, 6 వోల్టుల పాత బండ్లకి ఈ బల్బు పనికిరాదు.

రంగు సంగతి. ఎర్ర గ్లాసు వెనక ఎర్ర ఎల్‌ఈడీయే బాగా కనబడుతుంది, తెల్లదాని కాంతిలో చాలా భాగాన్ని ఆ గ్లాసే మింగేస్తుంది. కానీ గ్లాసు కింద నంబర్ ప్లేటు కోసం తెల్ల కిటికీ ఉంటే ఎర్ర బల్బు వేస్తే ప్లేటూ ఎర్రగా కనబడుతుంది. 1989 నాటి సెంట్రల్ మోటార్ వెహికల్స్ రూల్స్ ప్రకారం ప్లేటు మీద పడాల్సింది తెల్ల వెలుగు. అలాంటి గ్లాసుకి తెల్లదే, అందులోనూ కాస్త పసుపు పాళ్లున్న వార్మ్ వైట్ తీసుకోండి. వెలిగే ఎల్‌ఈడీ చిప్పులు కొసన మాత్రమే కాకుండా చుట్టూ ఉన్న బల్బు చూడండి. లేకపోతే వెనక రిఫ్లెక్టరుకి వెలుగే అందదు.

[దగ్గరగా: గ్లాసు విప్పిన టెయిల్ లైటు. హోల్డరు లోపల పచ్చటి చిలుము.]

మన దగ్గర అసలు శత్రువు ఇదండి. ఉప్పు గాలికి ఇత్తడి హోల్డరు చిలుము పడుతుంది, మడ్‌గార్డు బోల్టు తుప్పు పడుతుంది. ఎర్త్ ఆ బోల్టు గుండా వెళ్లాలి. ఉప్పుకాగితం చిన్న ముక్క చుట్టి లోపలంతా తళతళలాడేదాకా రుద్దండి. హోల్డరు ఒంటి నుంచి బ్యాటరీ నెగెటివ్‌కి విడిగా ఓ ఎర్త్ వైరు లాగండి. సగం జబ్బులు దీంతోనే పోతాయి.

ఇప్పుడు డీసీ. వెనక బ్రేకు స్విచ్‌కి రెండు వైర్లుంటాయి. తాళం ఆన్ చేసి, బ్రేకు నొక్కకుండా టెస్ట్ ల్యాంపు పెట్టండి. వెలిగిన వైరే మనది, హీరో హోండాల్లో మామూలుగా నల్లది. రెండో వైరు నుంచి తీస్తే బ్రేకు నొక్కినప్పుడే టెయిల్ లైటు వెలుగుతుంది. రంగుల్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి, ఇన్నేళ్లలో ఎవరెవరు ఏం కలిపారో. టెస్ట్ ల్యాంపు వెలిగిన ఆ వైరు నుంచి ఫ్యూజు, అక్కణ్ణుంచి కొత్త వైరు టెయిల్ హోల్డరుకి. హోల్డరు దగ్గర టెయిల్ లైటుకి ఇదివరకు ఏసీ తెచ్చిన గోధుమరంగు వైరు తీసేసి, దాని కొసకి స్లీవ్ తొడిగి మూసెయ్యండి. అందులో ఇంకా ఏసీ ఉంటుంది, ఫ్రేముకి తగలకూడదు.

ఇక తాళం ఆన్ చేస్తే పగలైనా టెయిల్ లైటు వెలుగుతుంది. వెలగనివ్వండి, మంచిదే. పాత 5 వాట్ల ఫిలమెంటు 0.4 యాంపియర్లు లాగేది. చిన్న ఎల్‌ఈడీ అందులో నాలుగో వంతు కూడా లాగదు, కిక్ బండి చిన్న బ్యాటరీకీ అది బరువు కాదు. తర్వాతెప్పుడో మళ్లీ ఫిలమెంటు బల్బు వేస్తే మాత్రం బ్యాటరీ నీరసిస్తుంది.

[దగ్గరగా: గ్లాసు లోపల నీటి బిందువులు.]

ఒక తిరకాసు. పాత బల్బు వేడికి లోపలి చెమ్మ ఆరిపోయేది. ఎల్‌ఈడీకి అంత వేడి లేదు, వానాకాలం చెమ్మ అలాగే నిలబడుతుంది. కింద నీళ్లు పోయే కన్నం సూదితో పొడిచి తెరవండి. చుట్టూ సిలికాన్ పూసి మూసేస్తే చెమ్మని లోపలే బంధించినట్టు. రబ్బరు గ్యాస్కెట్ మార్చి, కాంటాక్టులకి కాస్త వాజిలైన్ రాస్తే చాలు. గ్లాసు స్క్రూలు చేతి బిగువే, ఇంకాస్త తిప్పితే ప్లాస్టిక్ పగులుతుంది.

[దృశ్యం: మిట్టమధ్యాహ్నం ఎండ. పది అడుగుల వెనక నుంచి బండి.]

పరీక్ష ఎండలో చెయ్యాలి. బ్రేకు నొక్కినప్పుడు వెలుగు పెరిగిందని ఒక్క చూపులో తెలియాలి. ఆలోచించాల్సి వస్తే ఆ బల్బు వాపసు ఇచ్చెయ్యండి. ఫిలమెంటు పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు దాకా తీసుకుంటుంది, ఎల్‌ఈడీ తక్షణం వెలుగుతుంది. 60 కిలోమీటర్ల వేగంలో వెనకబండికి అది మూడు మీటర్ల ముందు హెచ్చరిక.

చివర్లో ఇంజిన్ స్టార్ట్ చేసి, లైటు స్విచ్ వేసి ఎక్సలేటర్ ఇవ్వండి. టెయిల్ లైటు నిలకడగా ఉండాలి, మీటరు లైటు కూడా వెలగాలి. మీటరు లైటు పోయిందంటే గోధుమరంగు వైరుని హోల్డరు దగ్గర కాకుండా ఎక్కడో ముందే కోసేశారన్నమాట.