మ్యాక్స్ గాన్ కెరీర్ రివ్యూ: హిటౌట్ల లెక్క చూసి రక్‌మన్‌కి మార్కులు వెయ్యకండి

నమస్తే అండీ. ముందుగా ఒక మాట. ఈ వీడియో కోసం పాత మ్యాచ్‌లు చూసుకోమని ఒక స్ట్రీమింగ్ సంస్థ ఫ్రీ సబ్‌స్క్రిప్షన్ ఇచ్చింది. ఏం చెప్పాలో వాళ్లు చెప్పలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. ఇక మ్యాక్స్ గాన్ గురించి. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఫుటీ) ఆడే రక్‌మన్ అతను, అంటే ఆట మొదలైనప్పుడూ, ఆగి మళ్లీ మొదలైనప్పుడూ గాల్లోకి లేచిన బంతిని తనవాళ్ల వైపు తట్టే పొడుగాటి ఆటగాడు. 209 సెంటీమీటర్ల ఎత్తు, మెల్బోర్న్ డెమన్స్ క్లబ్, 2009 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే పద్ధతి) 34వ నంబరు, 2020లో కెప్టెన్సీ, 2021లో ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ కప్పు. ఈ వివరాలు మీరు ఈపాటికి ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు, కాబట్టి వాటి మీద టైమ్ పెట్టను.

నాకు ఒళ్లు మండేది హిటౌట్ల లెక్క దగ్గర. హిటౌట్ అంటే రక్‌మన్ అలా చేత్తో తట్టిన బంతి, ట్యాప్ అన్నా అదే. మ్యాచ్ అయ్యాక స్క్రీన్ మీద "హిటౌట్లు 45" అని వేస్తారు, కామెంటరీలో అబ్బో అంటారు. ఆ నలభై అయిదులో ఎన్ని బంతులు సొంత మిడ్‌ఫీల్డర్ చేతిలో పడ్డాయి? ఆ లెక్క వేరే ఉంటుంది, హిటౌట్స్ టు అడ్వాంటేజ్ అని. మంచి రక్‌మన్‌కి కూడా అది మొత్తంలో సగం దాటదు. 2015లో నార్త్ మెల్బోర్న్ ఆటగాడు టాడ్ గోల్డ్‌స్టీన్ ఒకే మ్యాచ్‌లో 80 హిటౌట్లు కొట్టాడు, రికార్డు అది. గొప్ప సంగతే. కానీ చెయ్యి తగిలిన బంతి ఎటు పోయిందో చెప్పకుండా ఒట్టి 80 అంటే నాకు ఏమీ తెలిసినట్టు కాదు.

ట్యాప్ ఎలా కొడతారో దగ్గరగా చూద్దాం. సెంటర్ స్క్వేర్‌లో జట్టుకి నలుగురే ఉంటారు, రక్‌మన్, ముగ్గురు మిడ్‌ఫీల్డర్లు. బంతి లేవకముందే ఆ నలుగురూ గడియారం ముల్లు లెక్కలో మాట్లాడుకుంటారు, "నాలుగు" అంటే నాలుగు గంటల దిక్కు. రక్‌మన్ ఒంటికాలి మీద లేచి, రెండో మోకాలు పైకి పెట్టుకుని, చెయ్యి తెరిచి వేళ్లతో బంతిని తోస్తాడు. మన ఊళ్లలో వాలీబాల్ సెట్టర్ బంతి లేపేటప్పుడు మణికట్టు ఎంత మెత్తగా ఉంచుతాడో, ఇక్కడా అంతే మెత్తగా ఉండాలి. పిడికిలితో గుద్దితే బంతి పదిహేను మీటర్లు పోతుంది కానీ ఎవరికి పోతుందో తెలియదు. ఇంకో తప్పు, బంతిని నిలబడి ఉన్నవాడి కాళ్ల దగ్గర పడెయ్యడం. మిడ్‌ఫీల్డర్ అప్పటికే పరుగులో ఉంటాడు, బంతి అతనికి ఒక అడుగు ముందు పడాలి. అన్నిటికన్నా పెద్ద తప్పు, ప్రతిసారీ ఒకే దిక్కుకి కొట్టడం. రెండో క్వార్టర్ కల్లా ఎదుటి మిడ్‌ఫీల్డర్ కనిపెట్టేస్తాడు, మీ ట్యాప్ అతనికి వడ్డించినట్టే.

గాన్ పైకి ఎగిరే రకం కాదు. ఎగరడం చూడాలంటే వెస్ట్ కోస్ట్ క్లబ్ రక్‌మన్ నిక్ నైటనూయిని చూడాలి. ఎత్తు 201 సెంటీమీటర్లే, కానీ పరుగెత్తుకొచ్చి లేస్తే మోకాలు ఎదుటివాడి ఛాతీ దగ్గర ఉండేది. గాన్ పని అంతా నేల మీదే. బౌండరీ త్రో-ఇన్‌లో, అంటే గీత దాటిన బంతిని మళ్లీ లోపలికి విసిరేటప్పుడు గమనించండి. అంపైర్ మైదానానికి వీపు పెట్టి బంతిని తల మీదుగా వెనక్కి విసురుతాడు, రక్‌మన్లకి పరుగెత్తే చోటుండదు. బంతి గాల్లో ఉండగానే గాన్ తుంటిని ఎదుటివాడికి అడ్డం పెట్టేస్తాడు. దాంతో అవతలివాడి లోపలి చెయ్యి లేవదు. గాన్ బయటి చెయ్యి మాత్రం ఖాళీగా ఉంటుంది. ఎదుటివాణ్ణి చేత్తో పట్టుకుంటే అవతలి జట్టుకి ఫ్రీ కిక్ పోతుంది కాబట్టి ఒంటి బరువుతోనే ఆపాలి, కళ్లు బంతి మీదే ఉండాలి. బంతిని వదిలి మనిషిని చూశాడా, అంపైర్ ఈల ఊదేస్తాడు.

ఈ పద్ధతికి రూల్స్ కూడా కలిసొచ్చాయి. 2017లో మూడో మనిషి పైకి లేవడం నిషేధించారు. అంతకుముందు ఇద్దరు రక్‌మన్లు తోసుకుంటుంటే పక్కనుంచి ఇంకొకడు ఎగిరి బంతి కొట్టేసేవాడు. 2019 నుంచి రక్‌మన్ బంతిని నేరుగా పట్టుకున్నా దాన్ని ప్రయర్ ఆపర్చునిటీగా (బంతి వదిలించుకోవడానికి ముందే అవకాశం దొరికినట్టుగా) లెక్కెయ్యరు, అంటే పట్టిన క్షణంలోనే ట్యాకిల్ చేసినా వెంటనే ఫ్రీ కిక్ ఇవ్వరు. గాన్ చేతుల్లాంటి చేతులున్నవాడికి అది వరం. పట్టుకోవడం, తిరగడం, కిక్ కొట్టడం, అంతే.

అయితే గాన్‌ని గొప్పవాణ్ణి చేసింది ట్యాప్ కాదని నా గట్టి నమ్మకం. స్టాపేజ్ (ఆట ఆగి బంతి మళ్లీ లేచే ఘట్టం) అయిపోగానే అతను ఎటు పోతాడో చూడండి. మిగతా రక్‌మన్లు ఊపిరి తీసుకుంటుంటే అతను తన డిఫెన్స్ వైపు ఒక కిక్ దూరం వెనక్కి పరుగెడతాడు. ఎదుటి జట్టు కంగారులో లైన్ వెంట పొడుగ్గా కొట్టిన బంతి వచ్చి అతని చేతుల్లో పడుతుంది. దాన్ని మార్క్ చేస్తే, అంటే గాల్లోనే పట్టేస్తే, అవతలి వాళ్ల అటాక్ అక్కడితో సరి. పట్టలేకపోయినా బయటికి గుద్దేస్తాడు, మళ్లీ త్రో-ఇన్, మళ్లీ అతని పనే. ఇదంతా మ్యాచ్‌కి పది పన్నెండు కిలోమీటర్లు పరుగెత్తే మనిషి చేస్తున్నాడు. రక్‌మన్‌ని అదనపు మిడ్‌ఫీల్డర్‌గా మార్చిన వెస్ట్ కోస్ట్ ఆటగాడు డీన్ కాక్స్‌ని, అంతకుముందు 1960లలో జీలాంగ్‌కి ఆడుతూ హ్యాండ్‌బాల్‌ని అటాక్ ఆయుధం చేసిన పాలీ ఫార్మర్‌ని తలుచుకుంటే, అదే వరసలో తర్వాతి మెట్టు ఇది.

ఇక గాయాలు. మోకాలి రీకన్‌స్ట్రక్షన్‌తో 2012 సీజన్ మొత్తం పోయింది, 2017లో హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) తెగి చాలా మ్యాచ్‌లు పోయాయి. మొదటిసారి ఆల్-ఆస్ట్రేలియన్ జట్టులోకి (ఆ సీజన్ మేటి ఆటగాళ్ల జట్టు) వచ్చింది 2016లో, అంటే డ్రాఫ్ట్ అయిన ఏడేళ్లకి. రక్‌మన్‌ని తొందరపెట్టే క్లబ్బులు ఈ లెక్క గోడ మీద రాసి పెట్టుకోవాలి. సెంటర్‌లో ఇంకో ప్రమాదం ఉండేది. దూరం నుంచి పరుగెత్తుకొచ్చే ఇద్దరి మోకాళ్లు గుద్దుకుని, ముడిచిన కాలి ముందెముక వెనక్కి నెట్టుకుపోయి పీసీఎల్ (మోకాలి లోపలి ఒక లిగమెంట్) తెగేది. అందుకే 2005లో పది మీటర్ల సర్కిల్ గీసి, రక్‌మన్లు దాని లోపల్నుంచే బయల్దేరాలన్నారు.

నాకు నచ్చని సీజన్ 2023. బ్రోడీ గ్రండీని తెచ్చి గాన్ పక్కన పెట్టారు. ఇద్దరూ ఆల్-ఆస్ట్రేలియన్ రక్‌మన్లే. కానీ ఒకడు రక్‌లో ఉంటే రెండోవాడు ఫార్వర్డ్‌లో గోల్స్ కొట్టాలి, ఇద్దరిలో ఎవరూ సహజ ఫార్వర్డ్ కారు. ఏడాది తిరక్కుండా గ్రండీ సిడ్నీకి వెళ్లిపోయాడు. 2021లో కుర్రవాడు ల్యూక్ జాక్సన్‌తో జోడీ ఎందుకు కుదిరిందంటే, జాక్సన్ నేల మీద బంతి దగ్గర కూడా మిడ్‌ఫీల్డర్‌లా చురుగ్గా ఉండేవాడు.

ఆ 2021 గురించి చెప్పకపోతే తప్పే. 2018 మొదటి రౌండ్‌లో జీలాంగ్ మీద చివరి నిమిషంలో గాన్ దగ్గరి సెట్ షాట్ (ఆగి, గురి చూసి గోల్‌కి కొట్టే కిక్) గురి తప్పాడు, జట్టు మూడు పాయింట్లతో ఓడింది. 2021 చివరి రౌండ్‌లో అదే జీలాంగ్ మీద, వాళ్ల సొంత మైదానంలో, డెమన్స్ 44 పాయింట్లు వెనకబడి కూడా లేచారు. సైరన్ మోగాక కొట్టిన కిక్‌తో గాన్ గెలిపించాడు, పట్టికలో మొదటి స్థానం వచ్చింది. ప్రిలిమినరీ ఫైనల్లో (మన సెమీఫైనల్ లాంటిది) మళ్లీ జీలాంగే, ఈసారి అయిదు గోల్స్ కొట్టాడు, ఒక రక్‌మన్! పెర్త్‌లో గ్రాండ్ ఫైనల్, వెస్టర్న్ బుల్‌డాగ్స్ జట్టు మీద 74 పాయింట్ల గెలుపు, 57 ఏళ్ల తర్వాత కప్పు.

నా మార్కు పదికి తొమ్మిదిన్నర. అర మార్కు తగ్గించింది 2018లో గురి తప్పిన ఆ సెట్ షాట్‌కి.

ఇప్పుడు కొత్తగా అతని ఆట చూడబోయేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. 2026 నుంచి సెంటర్ బౌన్స్ (అంపైర్ బంతిని నేలకి కొట్టి లేపడం) తీసేశారు, అంపైర్ బంతిని పైకి విసురుతాడు. రక్‌మన్లు ముందే మధ్య గీత దాటి ఒకరినొకరు అడ్డుకోకూడదు. పరుగెత్తి ఎగిరేవాళ్లకి ఇది మేలు, ఒంటితో అడ్డుకునే గాన్ పద్ధతికి సెంటర్‌లో దెబ్బ. త్రో-ఇన్‌లలో మాత్రం అతని తుంటి పట్టు అలాగే పనికొస్తుంది. మెల్బోర్న్‌లో టార్నీట్, పాయింట్ కుక్ వైపు పిల్లల్ని ఫుటీకి పంపే మన తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే, పొడుగ్గా ఉన్న పిల్లాడికి ముందు త్రో-ఇన్ నేర్పించండి, ఎగరడం తర్వాత. మీ క్లబ్ రక్‌మన్ ఎవరో కామెంట్‌లో రాయండి, వచ్చే వీడియో నైటనూయి మీద.