సముద్రపు గాలికి కొండమీద గోదాము

నమస్కారం. నీటిని కొండమీది జలాశయానికి ఎత్తి కరెంటును దాచే పిన్నాపురం కేంద్రం ప్రస్తావన వచ్చినప్పుడల్లా కర్నూలులో ఎవరో ఒకరు, "కరెంటు ఖర్చుపెట్టి నీళ్లు పైకెక్కించి, మళ్లీ కిందికి వదిలి కరెంటు తీయడం తిక్కపని కాదా?" అంటారు. నష్టం ఉన్న మాట నిజమే. 100 యూనిట్లతో నీటిని ఎత్తిపోస్తే తిరిగి దక్కేవి సుమారు 75 నుంచి 80. అయితే అనంతపురం రైతు వేరుశనగను గోదాములో ఎందుకు పెడతాడు? కాయ ఆరేకొద్దీ తూకం తగ్గుతుంది, చెవి దగ్గర ఊపితే గలగలమంటుంది. ఆ తరుగు తెలిసే అతడు ధర కోసం ఆగుతాడు. పిన్నాపురమూ కరెంటుకు అలాంటి గోదామే.

సముద్రంలో నాటిన గాలిమరలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. అక్కడి గాలి నేలమీది గాలికంటే బలంగా, నిలకడగా వీస్తుంది గానీ మన అవసరం చూసి వీయదు. వేగం సగానికి పడితే గాలిలోని శక్తి ఎనిమిదో వంతుకు దిగిపోతుంది. అదే గాలి అర్ధరాత్రి వాడకం తగ్గిన వేళ జోరందుకుంటే, కొనేవారు లేక మరలను ఆపవలసి వస్తుంది. అది పంటను చేలోనే వదిలేయడం. 20 బస్తాల తరుగుకు బాధపడేవారు ఈ 100 బస్తాల నష్టాన్ని లెక్కలోకి తీసుకోరు.

గోదాము చేని పక్కనే ఉండనక్కరలేదు. 2024 జూన్‌లో కేంద్రం ఆర్థిక సాయానికి ఆమోదం తెలిపిన 1,000 మెగావాట్ల సముద్ర పవన విద్యుత్తు గుజరాత్, తమిళనాడు తీరాలది. నేలమీది సౌర, పవన విద్యుత్తులకు తోడుగా తలపెట్టిన పిన్నాపురం లాంటి కేంద్రం, లైన్లలో చోటుంటే, ఆ కరెంటునూ దాచగలదు.

పిన్నాపురానికి చెప్పే 1,680 మెగావాట్లు గోదాము తలుపు వెడల్పు మాత్రమే, అంటే ఒకేసారి ఎంత కరెంటు ఇవ్వగలదన్నదే. లోపల ఎన్ని బస్తాలు పడతాయన్నది జలాశయాల పరిమాణాన్ని, వాటి మధ్య ఎత్తును బట్టి ఉంటుంది. వెయ్యి లీటర్ల నీటిని 100 మీటర్లు ఎత్తినా అందులో దాగేది పావు యూనిట్‌కు కాస్త ఎక్కువ, అంతే. కనుక ఈ నిల్వ గంటల లెక్కలో పనిచేస్తుంది. ఆషాఢపు గాలిని ఎండాకాలానికి దాస్తామనే మాటను నేను నమ్మను.

సమయం మించుతోంది కాబట్టి నీటి సంగతి క్లుప్తంగా చెబుతాను. పిన్నాపురం నదిమీద కట్టినది కాదు. ఒకసారి నింపిన నీరే రెండు జలాశయాల మధ్య తిరుగుతుంది, ఆవిరైనంత మేరకు మళ్లీ పోయాలి. ఆ ఆవిరి లెక్కను ఏటా ప్రజల ముందు పెట్టాలని సీమవాసులు అడగడం న్యాయమే.