చార్మినార్ పక్క గల్లీల్లో

శ్రోతలకు నమస్కారం.

చార్మినార్ చూడటానికి వచ్చినవాళ్ళు మామూలుగా ఏం చేస్తారు? ఎదురుగా నిలబడి ఫొటో దిగుతారు, ఇరానీ చాయ్ తాగుతారు, పక్కనే లాడ్ బజార్‌లో రెండు జతల గాజులు బేరమాడి కొనుక్కుని బండెక్కుతారు. ఆ గాజులు మెరిసేది బజారులో. పుట్టేది పాతబస్తీ గల్లీల్లో, ఇరుకు గదుల్లో.

అక్కడ బొగ్గుల కుంపటి మీద లక్కను వేడిచేసి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి అతుకుతారు. లక్క మెత్తగా ఉండగానే అద్దం బిళ్ళలు, రంగురాళ్ళు ఒక్కొక్కటే పొదుగుతారు. నడివేసవిలో కూడా ఆ సెగ దగ్గరే కూర్చోవాలి. వేళ్ళు కాలతాయి, కళ్ళు లాగుతాయి. ఇది ఒక్కసారి దగ్గరగా చూసినవాళ్ళకు, తర్వాత కొట్టులో పది రూపాయల కోసం బేరమాడటానికి నోరు రాదు.

2024లో హైదరాబాద్ లక్క గాజులకు జీఐ ట్యాగ్, అంటే ఇవి ఫలానా ఊరివేనన్న గుర్తింపు, వచ్చినప్పుడు నాకు చాలా సంతోషమేసింది. అయితే ఆ ట్యాగ్ గాజుల పేరును కాపాడుతుంది, చేసేవాళ్ళ కూలి పెంచదు. చార్మినార్ టికెట్ డబ్బు ప్రభుత్వానికి పోతుంది. మరి గల్లీకి ఏం దక్కుతోంది?

ముంబయిలోని ధారావి మురికివాడలో, 2005లో మొదలైన రియాలిటీ టూర్స్ అనే సంస్థ ఒక పని చేస్తోంది. చూడవచ్చినవాళ్ళను నడిపించుకుంటూ తీసుకెళ్ళి కుమ్మరుల కుంభార్‌వాడాను, ప్లాస్టిక్ రీసైక్లింగ్ షెడ్లను చూపిస్తుంది. లాభంలో 80 శాతం బస్తీ పిల్లల చదువు లాంటి పనులకు ఇస్తామని చెబుతుంది. నడకలో ఎవరినీ ఫొటోలు తీయనివ్వరు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ నియమమే. ఒకరి వాకిట్లోకి వెళ్ళినప్పుడు ఆ మాత్రం మర్యాద ఉండాలి కదా.

పాతబస్తీ గాజుల గల్లీల్లో కూడా ఇలాంటి నడక పెట్టొచ్చు, దానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఉర్దూ, తెలుగు, కొంచెం ఇంగ్లీషు వచ్చిన అక్కడి పిల్లలే దారి చూపిస్తారు. గంటకు ఇంత అని ముందే రాసిపెట్టిన రేటు ఉండాలి, శుభ్రమైన మరుగుదొడ్డి ఉండాలి. అన్నిటికంటే ముందు ఆ ఇంటి ఆడవాళ్ళు ఒప్పుకోవాలి.

రంజాన్‌కు, పెళ్ళిళ్ళ సీజన్‌కు గిరాకీ ఎలాగూ ఉంటుంది. టెన్షనంతా మిగతా నెలలదే. ఆ నెలల్లో రోజుకొక కుటుంబం వచ్చి, కుంపటి దగ్గర కాసేపు కూర్చుని, తమ చేతికి సరిపడే జత ఒకటి చేయించుకుని, డబ్బు చేసినవాళ్ళ చేతిలోనే పెట్టి వెళ్తే, ఆ పూట బియ్యానికి వాళ్ళు అప్పు అడగక్కర్లేదు.